పేరు ఎవరిది? వ్యాపార చిహ్నములు, వాటి హక్కులు, కొనువారి తీర్పు

రావులపాలెము కోనసీమకు ముఖద్వారము. జొన్నాడవైపునుండి గౌతమి వంతెనను, సిద్ధాంతమువైపునుండి వశిష్ఠ వంతెనను దాటి వచ్చు ప్రయాణికులు ఇచ్చట ఆగుట పరిపాటి. అరటిగెలల మార్కెట్టు ఈ ఊరికి తెచ్చిన పేరు ఒకటి. రహదారి ప్రక్కనున్న మిఠాయి దుకాణములు తెచ్చినది మరియొకటి. ఈ దుకాణములలో అమ్ముడుపోవు పూతరేకుల పెట్టెలను ఒక్కసారి పరికించి చూడుడు. వాటిపై దుకాణదారుని పేరుకంటె పెద్ద అక్షరములలో కనబడునది సమీపమందలి ఒక గ్రామము పేరు, ఆత్రేయపురము. కొనువాడు డబ్బు చెల్లించునది రేకుకు, నేతికి, బెల్లమునకు మాత్రమే కాదు. ఆ గ్రామము పేరునకు గూడ చెల్లించుచున్నాడు.

పేరునకు వెల కలిగినప్పుడు, ఆ పేరు ఎవరిది అను ప్రశ్న తప్పక పుట్టును. నేడు ఈ ప్రశ్న పట్టణములందలి పెద్ద కంపెనీలకు మాత్రమే సంబంధించినది కాదు. పల్లెలో పచ్చళ్లు పట్టి అమ్ముకొను మహిళా సంఘమునకును, సంతలో సబ్బులమ్ము చిల్లర వర్తకునకును, విత్తనములు దాచుకొను రైతునకును ఇది ఏదో ఒకనాడు ఎదురగుచున్నది. సాధారణముగా ఇది వకీలు నోటీసు రూపమున ఎదురగును. అట్టి నోటీసు వచ్చినవాడు చదివించుకొని, భయపడి, బోర్డు దింపివేసిన సందర్భములు కలవు. దింపవలసిన అవసరము లేనిచోట దింపినవారును కలరు. కావున ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచితిమి.

వ్యాపార చిహ్నము, అనగా ట్రేడు మార్కు, ఒక సరుకు ఎవరివద్దనుండి వచ్చినదో తెలుపు గుర్తు. అది పేరు కావచ్చును, బొమ్మ కావచ్చును, రెండును కలిసినది కావచ్చును. చదువురాని అవ్వ కొట్టుకు పోయి "ఆ ఏనుగు బొమ్మ పొట్లమే ఇవ్వు నాయనా" అని అడిగినదనుకొనుడు. ఆ బొమ్మయే ఆమెకు హామీ. నిన్న వాడిన సరుకే నేడును వచ్చునను నమ్మకమును ఆ గుర్తు మోయుచున్నది. మనదేశములో ఈ గుర్తులను రిజిస్టరు చేయుటకు మొదట 1940లో ఒక చట్టము వచ్చినది. తరువాత 1958లో మరియొకటి వచ్చినది. ఇప్పుడు అమలునందున్నది 1999 నాటి చట్టము. ఇది 2003 సెప్టెంబరు 15వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. రిజిస్టరయిన గుర్తునకు పది సంవత్సరముల రక్షణ లభించును. రుసుము చెల్లించి పదేసి సంవత్సరముల చొప్పున ఎన్నిసార్లయినను పొడిగించుకొనవచ్చును. పొలమునకు హద్దురాళ్లు పాతుకొనుట వంటిదే ఈ రిజిస్ట్రేషను. అయితే ఈ పొలమునకు హద్దులు కంటికి కనబడవు. తగవులన్నియు అక్కడనే వచ్చుచున్నవి.

కంపెనీలు ఈ విషయమున ఇంత కఠినముగా ఎందుకు వ్యవహరించుచున్నవని పలువురు అడుగుచుందురు. కేవలము దురాశ అని కొట్టివేయుట న్యాయము కాదు. ఊరకున్నవాని హక్కు తరిగిపోవునట్లు చట్టమే యున్నది. తన గుర్తును పోలిన గుర్తును వేరొకడు రిజిస్టరు చేయించుకొని వాడుచున్నాడని తెలిసియు అయిదేండ్లు వరుసగా మౌనము వహించిన యజమాని తరువాత అభ్యంతరము చెప్పుటకు సామాన్యముగా వీలులేదు. 'అమృతధార' మందువారి వ్యాజ్యము దీనికి మంచి ఉదాహరణము. ఆ మందునకు పోటీగా 'లక్ష్మణధార' అను మందు వెలసినది. 1962లో సుప్రీంకోర్టు ఈ రెండు పేర్లను పరిశీలించి, పేర్లు విడివిడిగా చదివినచో భేదము కనబడుచున్నను, అరకొర జ్ఞాపకముతో కొనవచ్చిన సామాన్యుడు ఒకదానిని మరియొకటిగా భ్రమపడవచ్చునని తీర్పు చెప్పినది. అయినను అమృతధారవారు పోటీదారుని వ్యాపారమును చిరకాలము చూచుచు ఊరకుండిరి గనుక, ఉత్తరప్రదేశ్ మేరకు లక్ష్మణధారకు రిజిస్ట్రేషను దక్కినది. గెలిచినట్లును ఓడినట్లును కూడ అయినదన్న మాట!

రెండవ భయము మరియొకటి కలదు. ఒక గుర్తు మిక్కిలి ప్రసిద్ధిచెంది, ఆ జాతి సరుకులన్నిటికిని అదే పేరయిపోయినచో యజమానికి అది చేటు. మన వాడుకనే చూడుడు. ఏ కంపెనీ వనస్పతి అయినను మన పెద్దలకు 'డాల్డా'యే. నకలు తీయించుట 'జిరాక్సు' తీయించుట. బస్సులో అమ్ము నీళ్ల సీసా ఎవరిదైనను 'బిస్లరీ'యే. ఇట్లు జనుల నోట నలిగి పేరు పోగొట్టుకొన్న కంపెనీలు విదేశములలో కలవు. జర్మనీ దేశపు బేయర్ కంపెనీ సొత్తయిన 'ఆస్పిరిన్' అను పేరు అమెరికాలో 1921లో న్యాయస్థానము తీర్పుతో సామాన్య నామమయినది. 'థర్మస్' అను పేరునకు ఆ దేశముననే 1963లో అదే గతి పట్టినది. జనులు ప్రేమతో పిలిచిన పిలుపే పేరునకు ముప్పు తెచ్చుట విచిత్రముగా తోచును. మాట్లాడుకొనువారిపై ఏ కంపెనీయు దావా వేయజాలదు. ఇంటిలో సబ్బుపొడి నెల్లను 'సర్ఫు' అనినంత మాత్రమున మన గృహిణులకు భయము లేదు. వేరొకని సరుకుపై ఆ పేరు ముద్రించి అమ్మినప్పుడే నేరము.

అట్లు అమ్మువారి విషయములో చట్టమునకు దయ లేదు, ఉండరాదు గూడ. దొంగ గుర్తు వేసినవానికి ఆరు నెలలకు తక్కువ కాకుండ, మూడేండ్లవరకు ఖైదును, యాబదివేల రూపాయలనుండి రెండు లక్షలవరకు జరిమానాయు విధింపవచ్చును. డిప్యూటీ సూపరింటెండెంటు హోదాకు తక్కువ కాని పోలీసు అధికారి, రిజిస్ట్రారు అభిప్రాయము తీసికొని, వారంటు లేకయే సోదాచేసి సరుకును పట్టుకొనవచ్చును. పురుగుమందు, పసివాని మందు, విత్తనపు సంచి, వీటిపై దొంగ గుర్తు పడినచో నష్టపోవునది కంపెనీ ఒక్కటే కాదు. కంపెనీకి అమ్మకము పోవును. రైతునకు పంట పోవును. ఇట్టి సందర్భమున గుర్తును కాపాడు కంపెనీ కొనువానిని గూడ కాపాడుచున్నది. మందుల పేర్ల విషయములో పోలికను మరింత కఠినముగా పరీక్షింపవలెనని 2001లో సుప్రీంకోర్టు 'ఫాల్సిగో', 'ఫాల్సిటాబ్' అను రెండు మలేరియా మందుల వ్యాజ్యములో చెప్పుటకు ఇదియే కారణము.

పోలికను ఎట్లు నిర్ణయించెదరు? దీనికి పార్లే బిస్కత్తుల కథ చెప్పుట మేలు. పార్లేవారి గ్లూకో బిస్కత్తుల కాగితముపై ఒక పెరడు, అందులో నీళ్ల బిందెతో ఒక బాలిక, చుట్టును ఆవులు, కోళ్లు ఉండెడివి. మైసూరుకు చెందిన ఒక సంస్థ తన బిస్కత్తుల కాగితముపై తలపై గడ్డిమోపుతో ఒక స్త్రీని, చుట్టును ఆవులను, కోళ్లను వేయించినది. "బిందె వేరు, గడ్డిమోపు వేరు గదా" అని ప్రతివాదుల వాదము. క్రింది న్యాయస్థానములు అంగీకరించినవి. 1972లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. కొనువాడు రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని తేడాలు లెక్కించుచు కొనడు. మనసులో మిగిలిన స్థూలరూపముతో కొనును. ఆ స్థూలరూపము ఒక్కటే అయినచో మోసమునకు తావున్నదని ఆ తీర్పు సారాంశము. న్యాయస్థానము కొలబద్దగా గ్రహించినది పండితుని కన్ను కాదు, తొందరలోనున్న మామూలు మనిషి కన్ను.

ఇంతవరకు కంపెనీల పక్షమున చెప్పితిమి. రెండవ పక్షము గూడ వినవలసియున్నది. హద్దు తెలియని పొలమును ప్రక్క గట్టుమీదికి జరుపుకొనుట ఎంత సులభమో, పేరు విషయములో పరిధిని పెంచుకొనుట అంత సులభము. పెద్దవాని వద్ద వకీళ్లున్నారు, చిన్నవాని వద్ద లేరు. ఆ కారణముచేత, న్యాయము ఎటున్నను, చిన్నవాడు లొంగిపోవుచుండును. లొంగిపోనివారి కథలు అందుచేతనే తెలిసికొనదగినవి.

బెంగుళూరులో మన ఆంధ్ర భోజనమునకు పేరుపొందిన 'నందిని డీలక్స్' అను భోజనశాలలు కలవు. కారము, పప్పు, పచ్చడి కోరువారు అచ్చట బారులు తీరుదురు. అవి 1989లో ప్రారంభమయినవి. కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్యవారు తమ పాలకు 1985నుండి 'నందిని' అను పేరు వాడుచున్నారు. భోజనశాలవారు తమ గుర్తును రిజిస్టరు చేయింపబోగా సమాఖ్యవారు అడ్డుపడిరి. వాదము రిజిస్ట్రారునుండి అప్పీలు బోర్డునకు, అచ్చటనుండి హైకోర్టునకు ప్రాకినది. 2014లో హైకోర్టులో భోజనశాలవారికి చుక్కెదురయినది. వారు వెనుదీయక సుప్రీంకోర్టు మెట్లెక్కిరి. 2018 జూలై 26న సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పినది. నందిని అనగా మన పురాణములలోని కామధేనువు సంతతియగు గోవు. అది ఒకరు కల్పించిన పదము కాదు. ఒకరి గుర్తుపై ఆవు బొమ్మ, మరియొకరి గుర్తుపై దీపము బొమ్మ యున్నవి. ఒకరు పాలమ్ముచున్నారు, ఒకరు భోజనము వడ్డించుచున్నారు. ఒక తరగతి సరుకులలో రిజిస్ట్రేషను పొందినంత మాత్రమున, తాము అమ్మని సరుకులపై గూడ ఆ తరగతియంతటను గుత్తహక్కు రాదని న్యాయస్థానము స్పష్టము చేసినది. భోజనశాలవారును పాలు, పాలపదార్థములకు ఆ పేరు కోరమని ఒప్పుకొనిరి. ఇచ్చట మేము ఒక్క మాట చెప్పదలచితిమి. సమాఖ్యయు లక్షలాది పాడిరైతుల సొత్తే. అది పరాయి కంపెనీ కాదు. పేరును కాపాడుకొనవలెనను దాని ఆతురత అర్థము చేసికొనదగినదే. కాని రైతుల సంస్థ యైనను గట్టు దాటినచో గట్టు దాటినట్లే.

ఇంటిపేరు విషయము మరింత సున్నితమైనది. తన పేరును తాను నిజాయితీతో వ్యాపారమునకు పెట్టుకొను హక్కును చట్టము కాపాడుచున్నది. అయితే మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్ వారు 'రెడ్డి ఫార్మాస్యూటికల్స్' అను కంపెనీపై వ్యాజ్యము వేయగా, 2004లో ఢిల్లీ హైకోర్టు 'రెడ్డి' అను పేరుతో మందులమ్మరాదని ఆ కంపెనీని నిలిపినది. తెలుగునాట రెడ్డి అను పేరు గలవారు లక్షల మంది! వారందరి పేర్లును ఒక కంపెనీ సొత్తయినవని ఎవరును తలపరాదు. మందుల వ్యాపారములో, ప్రజలలో స్థిరపడిన పేరును పట్టి మరియొక కంపెనీ మందులమ్ముట భ్రమ కలిగించునను మేరకే ఆ తీర్పు వర్తించును.

ఇక రైతులకు ముఖ్యమైన సంగతి. ఇది వ్యాపార చిహ్నముల చట్టము క్రిందిది కాదు, మొక్కల రకముల రక్షణ, రైతుల హక్కుల చట్టము క్రిందిది. ఆ చట్టము 2001 నాటిది. అయినను స్వభావమున ఈ కోవకే చెందును. పెప్సీకో కంపెనీ తన చిప్సులకై పెంచు ఒక బంగాళాదుంప రకమును ఈ చట్టము క్రింద రిజిస్టరు చేయించుకొన్నది. 2019లో గుజరాతు రాష్ట్రపు సబర్‌కాంఠా జిల్లాలో నలుగురు చిన్న రైతులు అనుమతి లేక ఆ రకమును పండించిరని, ఒక్కొక్కరినుండి కోటి రూపాయలకు పైగా నష్టపరిహారము కోరుచు దావా వేసినది. కొలది ఎకరముల రైతునుండి కోటి రూపాయలు! వార్త దేశమంతట పాకినది. రైతు సంఘములు లేచినవి. ఆ కంపెనీ చిప్సులను కొనవద్దని పిలుపులు వెలువడినవి. ఇది ఏప్రిల్ మాసపు మాట. మే నెల మొదటి వారములోనే కంపెనీ దావాలను ఉపసంహరించుకొనుచున్నట్లు ప్రకటించినది. న్యాయమూర్తి కలము కదలకమునుపే కొనువాని నిరసన పనిచేసినది. ఆ రకపు రిజిస్ట్రేషనును 2021 డిసెంబరులో సంబంధిత ప్రాధికార సంస్థ రద్దుచేసినది. ఆ రద్దును 2023లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య న్యాయపీఠము నిలుపగా, 2024 జనవరిలో ద్విసభ్య న్యాయపీఠము కొట్టివేసి కంపెనీకి అనుకూలముగా తీర్పు చెప్పినది. రిజిస్ట్రేషను సంగతి ఎట్లున్నను ఆ చట్టములోని 39వ సెక్షను మన రైతులు గుర్తుంచుకొనవలెను. రక్షణ పొందిన రకమునైనను రైతు దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును. అయితే ఆ రకము విత్తనమును సంచిలో కట్టి, రక్షిత రకమని తెలుపు చీటీ అంటించి, బ్రాండు విత్తనముగా అమ్మరాదు. పొరుగువానికి గంపతో కొలిచి ఇచ్చుటకు అడ్డు లేదు.

ఇతర దేశములలోను కొనువారు మౌనముగా లేరు. అమెరికాలో మొమొఫుకు అను ఆహారసంస్థ, మిరపకాయలను నూనెలో కరకరలాడునట్లు వేయించి చేయు కారపు పచ్చడికి సంబంధించిన 'చిలీ క్రంచ్' అను పేరు తమదేనని, 2024లో చిన్నచిన్న తయారీదారులకు నోటీసులు పంపినది. వారిలో పలువురు ఆసియానుండి వచ్చి స్థిరపడిన కుటుంబములవారు. కారపు పచ్చడిని కారపు పచ్చడి అనక ఏమనవలెను అని జనులు ఎద్దేవ చేసిరి. ఏప్రిల్ నెలలోనే ఆ సంస్థ స్థాపకుడు క్షమాపణ చెప్పి, ఆ పేరు విషయమున ఇక ఎవరినీ నిర్బంధింపమని ప్రకటించెను. రేపు ఎవరైనను 'ఆవకాయ' అను పేరు తమదే అనినచో మన ఇండ్లలో ఏమనుకొందుమో ఊహించుకొనవచ్చును. సరుకు స్వభావమును మాత్రమే తెలుపు మాటలను రిజిస్టరు చేయుటకు మన చట్టమును సామాన్యముగా ఒప్పుకొనదు.

నోటీసు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? నోటీసు తీర్పు కాదు. అది ఎదుటివాని వాదము మాత్రమే. అట్లని చింపి పారవేయుటయు తగదు. అందులో చెప్పిన గుర్తు నిజముగా రిజిస్టరయినదా, ఏ సరుకులకు అయినది, ఏనాటినుండి అయినది అను విషయములను రిజిస్ట్రీవారి పుస్తకములలో ఎవరైనను చూచుకొనవచ్చును. ఆ కంపెనీ వాడుకకును, దాని రిజిస్ట్రేషనుకును ముందునుండియే మీరు ఆ పేరుతో వ్యాపారము చేయుచున్నచో, 34వ సెక్షను మీకు అండగా నిలుచును. పాత బిల్లులు, పంచాయతీ లైసెన్సు, కరపత్రములు, పెట్టెల నమూనాలు, ఇవన్నియు ఆనాడు సాక్ష్యములు. చిత్తుకాగితములని పారవేయువారు తరువాత విచారించుట మేము చూచియున్నాము. ఆధారము లేని బెదిరింపులకు గూడ చట్టములో మందున్నది. 142వ సెక్షను ప్రకారము అట్టి బెదిరింపునకు గురియైనవాడు తానే జిల్లా న్యాయస్థానమునకు పోయి, ఆ బెదిరింపు అక్రమమని ప్రకటింపుడని, దానిని ఆపుడని, నష్టపరిహార మిప్పింపుడని కోరవచ్చును. అయితే ఆ కంపెనీ జాగుచేయక తానే దావా వేసి నడపినచో ఈ సెక్షను వర్తింపదు. అప్పుడు ఆ దావాలోనే సమాధానము చెప్పుకొనవలెను.

మరల మన ఆత్రేయపురమునకు వత్తము. వ్యాపార చిహ్నము ఒక వ్యక్తిది, లేక ఒక కంపెనీది. ఒక ప్రాంతపు మట్టి, నీరు, చేతిపని కలిసి తెచ్చిన పేరు ఒక్కనిది కాదు. ఇట్టి పేర్ల రక్షణకై 1999లో భౌగోళిక సూచికల చట్టము చేయబడినది. దీని రిజిస్ట్రీ చెన్నైలో నున్నది. డార్జిలింగు తేయాకు మనదేశములో ఈ రక్షణ పొందిన మొదటిది. మన తెలుగునాట పోచంపల్లి ఇకత్తు, కొండపల్లి బొమ్మ, తిరుపతి లడ్డు, బందరు లడ్డు, బంగినపల్లి మామిడి మొదలగునవి దీనిని పొందియున్నవి. 2023 జూన్ నెలలో ఆత్రేయపురం పూతరేకులు ఈ వరుసలో చేరినవి. బియ్యపు పిండిని పలుచగా కలిపి, గుడ్డను ముంచి, బోర్లించిన వేడి కుండపై పరచి తీసినచో క్షణములో ఉల్లిపొర వంటి రేకు ఊడివచ్చును. ఈ పనిని తరతరములుగా చేయుచున్నది ముఖ్యముగా స్త్రీలు. పొయ్యి సెగ, కుండ వేడి, చేతి ఒడుపు ఈ మూడింటిని చూచినవారికి పెట్టెపై వ్రాసిన ఊరి పేరునకు వెల ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రక్షణ ఏమి చేయును, ఏమి చేయదు అను విషయమున రావులపాలెపు వర్తకులలో సందేహములు కలుగుట సహజము. రిజిస్టరయినది 'ఆత్రేయపురం పూతరేకులు' అను పేరు. పూతరేకు చేయు విద్యపై గుత్తహక్కు ఎవరికిని రాలేదు. వేరొక ఊరివాడు తన ఊరి పేరుతో పూతరేకులు చేసి అమ్ముకొనవచ్చును. ఎక్కడనో చేసిన సరుకుపై ఆత్రేయపురము పేరు ముద్రించినచో మాత్రము తప్పు. కొనువాడు మోసపోయినట్లే, పొయ్యివద్ద కూర్చున్న స్త్రీ కూలి దొంగిలింపబడినట్లే. రిజిస్టరులో పేర్కొన్న ప్రాంతమున నిజముగా తయారుచేయువారు 'అధికృత వినియోగదారు'గా తమ పేరు నమోదు చేయించుకొనవలెను. నమోదయినవారికే ఆ పేరును వాడుటకు చట్టబద్ధమైన హక్కు వచ్చును. రుసుము స్వల్పమే. సంఘము పేర రిజిస్ట్రేషను వచ్చినది గదా, ఇక మనకేమి అని ఇంటివద్ద కూర్చుండువారికి ఆ హక్కు దానంతట అది రాదు. ఈ హక్కును ఒకరికి అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని వీలులేదు. రేపు ఏ పెద్ద కంపెనీయైనను ఎంత ధనమిచ్చినను ఆత్రేయపురము పేరును కొనుక్కొని పోజాలదు. మేము ఈ చట్టములో మిక్కిలి మెచ్చినది ఈ ఒక్క నిబంధనను.

స్వంత పేరుతో పచ్చళ్లు, అప్పడములు, కాజాలు చేసి అమ్ము మహిళా సంఘములును, చిన్న వర్తకులును తమ గుర్తును గూడ రిజిస్టరు చేయించుకొనవచ్చును. వ్యక్తులకును, చిన్న పరిశ్రమలకును కంప్యూటరు ద్వారా పంపు దరఖాస్తునకు ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు రుసుము. ఇతరులకు 9,000 రూపాయలు. గుర్తు రిజిస్ట్రీవారి పత్రికలో ప్రకటింపబడిన పిదప నాలుగు నెలలలోగా ఎవరైనను అభ్యంతరము చెప్పవచ్చును. మీ పేరును వేరొకడు రిజిస్టరు చేయించుకొనుచున్నాడని తెలిసినను ఆ నాలుగు నెలలే మీ గడువు. దొంగ గుర్తు సరుకు కొని నష్టపోయినవారు బిల్లును, పెట్టెను భద్రపరచి, 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. లేదా జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు వ్రాయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము నకిలీ సరుకు అమ్మినవానినే గాక తయారుచేసినవానిని గూడ బాధ్యుని చేసినది. బిల్లు లేనిచో అమ్మినవానిని పట్టుకొనుట కష్టమగును గనుక, దుకాణము వారు "బిల్లు ఎందుకండీ, మనవాళ్లే గదా" అనినను అడిగి పుచ్చుకొనుడు.